వంశవృక్షము నడుగువారు

బందరు పట్టణమునను, కృష్ణకు ఆవలి యొడ్డున చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమునను తమ్ము బెనె ఎఫ్రాయిములని చెప్పుకొను తెలుగు యూదులు కొందఱు కలరు. శనివారము విశ్రాంతిదినముగ పాటింతురు; హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొందురు; 1991లో కొత్తరెడ్డిపాలెమున ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. వీరిలో పెక్కురు మాదిగలు. వీరి పెద్దలు బాప్తిస్టు క్రైస్తవులు. ఈ మాట చెవిని పడినంతనే మనలో చదువుకొన్నవారు సైతము నవ్వుదురు. "మాదిగలేమి, యూదులేమి? ఇజ్రాయేలునకు పోవుటకు పన్నిన పన్నాగము గాదా?" అందురు. ఆ నవ్వును గూర్చియే నా వాదము.

అస్సీరియనులు క్రీ.పూ. 8వ శతాబ్దమున చెఱగొనిపోయిన పది గోత్రములలో తమది ఎఫ్రాయిము గోత్రమనియు, గోమాంసభక్షణాదులగు తమ యాచారములు ఆ పూర్వస్థితి శేషములనియు వీరందురు. నే నిది చరిత్రమని నమ్మను. అయినను, చదువరులారా, మన కులపురాణములలో దేనికి శాసనాధారము కలదు? ఋషులను మూలపురుషులుగ జెప్పుకొని సభలు జరుపువారిని, సూర్యచంద్రవంశములను తగిలించుకొన్న జమీందారులను తామ్రపత్రము చూపుడని మన మెన్నడైన నిలదీసితిమా? మాదిగలకు జాంబపురాణ మొకటి కలదు. దానిని చెవినిబెట్టనివారే నేడు ఎఫ్రాయిము కథకు నిదర్శనము నడుగుచున్నారు.

రక్తశుద్ధియే కావలెనన్నచో ఆ ఎఫ్రాయిమునే చూడుడు. యోసేపు కుమారుడగు నతడు ఐగుప్తున జనించెను. తల్లి ఆసెనతు ఐగుప్తు పురోహితుని కూతురు. దావీదు రాజునకు ముత్తవ్వయగు రూతు మోయాబు స్త్రీ. ఇట్టి గ్రంథమును చేతబట్టి గోత్రసాక్ష్యము నడుగు రబ్బీలకును మన కులపెద్దలకును భేద మెంత? 2005లో ఇజ్రాయేలు ప్రధాన రబ్బీలలో నొకరు మన ఈశాన్య సీమలోని బ్నేయి మెనషే వారిని ప్రాచీనగోత్ర సంతతిగ నంగీకరించిరి. తెలుగువారికట్టి యంగీకారము దొరకలేదు.

ఇక పన్నాగమను మాట. లాభమున కాశపడువాడు లెక్క చూచుకొనడా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకొన్నది. తక్కిన యే మతమున జేరినను మాదిగ షెడ్యూల్డు కులమువాడు కాడని దాని మూడవ పేరా శాసించుచున్నది. క్రైస్తవుడైనచో మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో "సి" వర్గమను నొక్క శాతమైన కలదు. యూదునకు అదియు లేదు. యూదుడనని కచ్చేరిలో వ్రాసి యిచ్చినవాడు చదువున, కొలువున బిడ్డల కున్న యాధారమును తన చేతులతో త్రెంచుకొనును. వ్రాసి యీయనిచో కాగితమున నొక మతము, గుండెలో నొక మతము. ఇది పన్నాగమా, ఉరిత్రాడా?

మఱి యేల పోయిరి? క్రైస్తవము చాలదా యని యడుగువారు బందరు చరిత్రమును చదువవలెను. 1843లో రాబర్టు నోబిలు దొర యిచ్చట స్థాపించిన పాఠశాల, పైకులముల బిడ్డలు రారను భయమున, అంత్యజుల బిడ్డలను దరిజేరనీయలేదు. గుడివాడ ప్రాంతమునను దివిసీమలోను పల్లెలు తిరిగి చూడుడు: ఊరు వేఱు, మాలపల్లె వేఱు, మాదిగపల్లె వేఱు, దేవాలయము లట్లే వేఱు. యేసును నమ్మినను వాని పేరు మాదిగయే.

యూదధర్మము వేఱొకటి నేర్పును. పస్కానాటి రాత్రి తండ్రి బిడ్డలను గూర్చుండబెట్టి మనము ఐగుప్తున దాసులమని చెప్పును. సిగ్గుపడి చెప్పడు, పండుగ చేసి చెప్పును. దాస్యమున బ్రదికితిమి గాన పరదేశిని బాధింపరాదని వారి ధర్మశాస్త్రము మరల మరల హెచ్చరించును. మన బడులలో మాదిగబిడ్డ కులమును దాచుకొనుట నేర్చును. తాత పడిన దాస్యమును తలయెత్తి చెప్పుకొను మార్గము కనబడినప్పుడు ఒకడు దానిని పట్టుకొనుట వింతయా? నాకు వింతగ దోచుట లేదు. వీరు వెదకినది వంశము కాదనియు, మర్యాదయనియు నా యభిప్రాయము. వారును తమ వాదమును గోత్రముపై గాక దీనిపై నిలిపిన బలవత్తరమగును.

ఈ విషయమున కేంద్రప్రభుత్వము 2022లో బాలకృష్ణన్ సంఘమును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు హోదా నీయవలెనని తీర్మానించెను. మంచిదే. కాని మతముల పట్టికకు మఱియొక పేరు చేర్చుట యేల? ఆ మూడవ పేరానే కొట్టివేయరాదా? మాదిగను అంటరానివాడన్న ఊరు వాని మతమును చూచి యనలేదు.