స్టాంపు మనదే, డైరీ మనదే... మరి గుర్రం?

ఢిల్లీలో రబ్బరు స్టాంపు ఆట వస్తువు కాదు. అది పడితేనే ఫైలు కదులుతుంది. డైరీ కూడా అంతే. సాహెబు ఎవరిని ఎప్పుడు కలవాలో అది చెబుతుంది, గ్రహచారం బాగోకపోతే సీబీఐ సోదాలో సాక్ష్యంగా మారుతుంది. ఇక గుర్రం సరేసరి. 1773లో వారన్ హేస్టింగ్స్ బెనారస్‌లో ఏర్పాటు చేసిన అశ్విక దళమే నేటి రాష్ట్రపతి అంగరక్షక దళం. 2024 గణతంత్ర దినోత్సవం నాడు, నలభై ఏళ్ల విరామం తర్వాత, రాష్ట్రపతి మళ్లీ గుర్రపు బగ్గీలోనే కర్తవ్య పథ్‌కు వచ్చారు.

అంటే ఈ మూడూ సర్కారు సరంజామా. అలాంటి ఊళ్లోనే వీటిని సాయంత్రపు సరదాగా మార్చుకున్న వాళ్లున్నారు. నోయిడా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద రబ్బరు చెక్కి స్టాంపులు తయారుచేసే వాళ్లు, గురుగ్రామ్ మెట్రోలో కూర్చుని జర్నల్ నింపే వాళ్లు, ఆదివారం తెల్లవారుజామునే లేచి గుర్రపు స్వారీకి పరుగెత్తే వాళ్లు. ముగ్గురికీ కావలసింది ఒక్కటే: ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని గంట సమయం. అయితే ఈ మూడు హాబీలూ ఒకే తాను ముక్కలు కావు. మూడో దాని దగ్గరకు వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది.

ముందు స్టాంపు సంగతి. ‘రబ్బరు స్టాంపు’ అనే మాటకు మన రాజకీయాల్లో స్థిరపడిన అర్థం వేరు. 1975లో ఎమర్జెన్సీ ప్రకటనపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అర్ధరాత్రి వేళ సంతకం చేశారు. ఆ ఏడాది డిసెంబరులో అబూ అబ్రహాం గీసిన కార్టూన్‌లో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో ఉండే ఆర్డినెన్స్‌పై సంతకం పెట్టి ఇస్తుంటారు. సొంత బుర్ర ఉపయోగించకుండా ఔననడానికి రబ్బరు స్టాంపు మారుపేరైంది. మామూలు పౌరుడికి ఆ స్టాంపు మరో రకం బెడద. సర్టిఫికెట్ నకలు నిజమైనదేనని చెప్పడానికి గెజిటెడ్ అధికారి గుమ్మం ముందు పడిగాపులు కాయాల్సి వచ్చేది. 2014లో కేంద్రం స్వీయ ధ్రువీకరణకు పెద్దపీట వేయడంతో ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి.

హాబీ స్టాంపు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. దానికి ఎవరి హోదా అక్కర్లేదు. పెన్సిల్ గీతను చెరిపే మెత్తటి రబ్బరు ముక్క, చిన్న చెక్కుడు కత్తి, సిరా మెత్త ఉంటే చాలు. కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీసి రబ్బరుపై బోర్లించి రుద్దితే గీతలు దానికి అంటుకుంటాయి. గీత ఉన్నచోట వదిలేసి మిగతాది తీసేయాలి. కిటుకంతా అక్షరాల్లో ఉంది. స్టాంపు మీద అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. తెలుగులో పేరు చెక్కబోయిన వాళ్లకు తలకట్టు, ఒత్తు ఎంత ఓపిక కోరతాయో మొదటి రోజే తెలిసిపోతుంది. గుడి అటు తిరగాల్సింది ఇటు తిరిగితే రబ్బరు పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇది విదేశీ సరదా అనుకుంటే పొరపాటు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టలపై అద్దే టేకు అచ్చులు చేసే పని ఇదే. జాతీయ రాజధాని ప్రాంతంలోనే హాపుర్ జిల్లా పిల్‌ఖువా దుప్పట్లపై అద్దకం పనికి ప్రసిద్ధి. చెక్క బదులు రబ్బరు, బట్ట బదులు కాగితం, అంతే తేడా. జపాన్‌లో 1931లో ఫుకుయి రైల్వే స్టేషన్‌తో మొదలైన అలవాటు మరో రకం. స్టేషన్‌కో స్టాంపు ఉంటుంది, ప్రయాణికులు తమ పుస్తకంలో దాన్ని వేసుకుంటూ పోతారు. మన దగ్గర ఆ ముచ్చట తీర్చేది తపాలా శాఖ. కొత్త బిళ్ల విడుదలైన రోజున కవరుపై వేసే ప్రత్యేక ముద్ర కోసం ఎదురుచూసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి వాళ్లకు సంసద్ మార్గ్‌లోని డాక్ భవన్‌లో ఉన్న ఫిలాటెలీ మ్యూజియం ఓ పుణ్యక్షేత్రం.

స్టాంపు వేసేది ఎక్కువగా జర్నల్‌లోనే కాబట్టి రెండో హాబీ దాని వెంటే వస్తుంది. డైరీ చరిత్రలోనూ ఢిల్లీకి మచ్చ ఉంది. 1991 సోదాల్లో దొరికిన జైన్ హవాలా డైరీలు 1996లో పలువురు నాయకుల పదవులకు ఎసరు తెచ్చాయి. చివరకు 1998లో సుప్రీంకోర్టు స్పైరల్ నోటు పుస్తకాన్ని పుస్తకంగానే ఒప్పుకుంది, విడి కాగితాలను ఒప్పుకోలేదు. కేవలం ఆ రాతల ఆధారంగా ఎవరిపైనా నేరం మోపలేమని తేల్చేసింది. డైరీలో ఉన్నంత మాత్రాన అది నిజమని కాదన్నమాట.

రాసుకునే వాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి అదే. 1857 తిరుగుబాటు రోజుల్లో ఢిల్లీ బల్లీమారాన్ గల్లీలో ఉన్న మీర్జా గాలిబ్ పారశీకంలో ‘దస్తంబూ’ రాశాడు. ఆ ఏడాది మే నుంచి మరుసటి ఏడాది జులై దాకా సాగిన ఆ దినచర్య బ్రిటిష్ పాలకుల కంట పడాలనే అచ్చయింది. అందుకే అందులో ఆచితూచి వేసిన మాటలెక్కువ. ఊరు పడిన గోస తెలియాలంటే ఆయన మిత్రులకు రాసిన ఉత్తరాలు చదవాలి. అంతకు పాతికేళ్ల ముందు మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా సాగిన తన కాశీయాత్రలో దారి పొడవునా చూసింది చూసినట్టు రాసి స్నేహితుడికి పంపారు. ఊళ్లు, రేవులు, దొరికే సరుకులు అన్నీ అందులో ఉన్నాయి. ఏలిన వారి మెప్పు కోసం రాసిన దానికీ, దోస్తు కోసం రాసిన దానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పటి జర్నల్ ప్రియులకూ అదే చిక్కు. అమెరికాకు చెందిన రైడర్ కారల్ 2013లో బయటపెట్టిన ‘బుల్లెట్ జర్నల్’ పద్ధతి చాలా సాదాసీదాది. చేయాల్సిన పనికి చుక్క, అయిపోతే గుర్తు, మిగిలిపోతే మరుసటి నెలకు బదిలీ. దాని చుట్టూ రంగు టేపులు, స్టిక్కర్లు, ఖరీదైన పెన్నులు చేరాక పేజీ రాయడం కంటే పేజీని ఫొటో తీయడం ముఖ్యమైపోయింది. జర్నల్ వల్ల మేలుందా అంటే ఉంది. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. మనసును కలచివేసిన అనుభవాలను రాసినవారు ఆ తర్వాతి నెలల్లో ఆస్పత్రి మెట్లు తక్కువగా ఎక్కారు. ఆ కాగితాల్లో స్టిక్కర్లు లేవు. ఎవరికీ చూపించాల్సిన పనీ లేదు.

ఈ రెండు హాబీల్లో ఓ సౌలభ్యం ఉంది. విసుగొస్తే స్టాంపును సొరుగులో పడేయొచ్చు. డైరీ జనవరిలో మొదలై మార్చిలో ఆగిపోయినా కొంపలేం మునగవు. ఆరు నెలల తర్వాత తెరిచినా పాత పేజీ అలాగే ఉంటుంది. గుర్రం అలా ఉండదు.

గుర్రంతో ఢిల్లీ బంధం చాలా పాతది. 1334 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువుకు వచ్చిన ఇబ్న్ బతూతా ఇక్కడి గుర్రపు తపాలా గురించి, దానికంటే వేగంగా పరిగెత్తే కాలినడక తపాలా గురించి రాశాడు. సింధు నుంచి ఢిల్లీకి మనిషికి యాభై రోజులు పట్టే దారిలో సుల్తానుకు ఉత్తరం అయిదు రోజుల్లో అందేదట. ఈ కాలానికి వస్తే 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత ఆశ్వికులు మూడు స్వర్ణాలు గెలిచారు. మళ్లీ స్వర్ణం రావడానికి 41 ఏళ్లు పట్టింది, 2023లో హాంగ్‌ఝౌలో డ్రెస్సాజ్ జట్టు దాన్ని తెచ్చింది. గెలుపు వార్త చూసి పిల్లల్ని స్వారీకి పంపాలని ఏ తల్లిదండ్రులకైనా అనిపించడం సహజం. సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఢిల్లీ రైడింగ్ క్లబ్ ఉంది, గురుగ్రామ్, నోయిడా వైపు స్వారీ నేర్పే బడులున్నాయి.

గంట లెక్కన స్వారీ చేయడం వేరు, గుర్రాన్ని పెంచడం వేరు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. 400 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది కిలోల దాకా ఎండు మేత కావాలి. నీళ్లు 25 లీటర్లకు తగ్గకూడదు, ఢిల్లీ మే నెల ఎండల్లో అంతకంటే చాలా ఎక్కువే. వదిలేస్తే రోజుకు పదహారు గంటలు మేస్తూనే ఉండే జీవి అది. దాని కడుపు చిన్నది, పైగా వాంతి చేసుకోలేదు. అందుకే దాణాలో తేడా వస్తే కడుపునొప్పితోనే ప్రాణం పోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చాలి. ఆదివారం మాత్రమే వచ్చే యజమాని వీటిలో ఒక్కటీ చేయలేడు. చేసేది సైసు. తెల్లవారకముందే లేచి పేడ ఎత్తి, మాలిష్ చేసి, జీను కట్టి నిలబెట్టేది అతనే. గుర్రం ఎవరిదని గుర్రాన్నే అడిగితే అది చూపించేది అతన్నే.

జబ్బు వస్తే కష్టం ఒక్క ఇంటితో పోదు. గ్లాండర్స్ అనే అంటువ్యాధి మనుషులకూ సోకుతుంది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్తపరీక్షలో వ్యాధి ఖాయమైతే ఆ గుర్రాన్ని చంపేయక తప్పదు. అది పోలో గుర్రమా, పెళ్లి గుర్రమా అన్న విచక్షణ ఉండదు.

పెళ్లి గుర్రం మాట వచ్చింది కాబట్టి, ఎన్‌సీఆర్‌లో గుర్రాలను నిజంగా పెంచేది ఎవరో కూడా చూడాలి. పెళ్లికొడుకు ఎక్కే ‘ఘోడీ’ని మేపే కుటుంబాలు, ఘజియాబాద్, బాగ్‌పత్ ఇటుక బట్టీల్లో బండ్లు తోలే వాళ్లు. టాంగావాలాలూ ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేవారు. 2010లో, కామన్‌వెల్త్ క్రీడల ముందు, ట్రాఫిక్ పేరుతో నగరపాలక సంస్థ పాత ఢిల్లీలో టాంగాలను ఆపేసింది. దేశం మొత్తమ్మీద గుర్రాలు, పోనీలు 2012లో 6.25 లక్షలుంటే 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. బతుకుదెరువుగా గుర్రం తరిగిపోతోంది, ముచ్చటగా మాత్రం నిలుస్తోంది. బట్టీ గుర్రానికి పుండు పడితే అందరూ జాలి పడతారు. ముచ్చట తీరాక షెడ్డులో కట్టేసిన గుర్రాన్ని ఎవరూ గమనించరు. రెండింటికీ వర్తించే చట్టం 1960 నాటిది. జంతు హింసకు మొదటిసారి దొరికితే అది విధించే జరిమానా 50 రూపాయలు దాటదు.

కాబట్టి గుర్రం కొనాలనుకునే వాళ్లు ముందు ఓ ఏడాది గంట లెక్కన స్వారీ చేయడం మంచిది. స్వారీ గంట కాక మరో గంట సైసు పక్కన నిలబడి గిట్టలు శుభ్రం చేయడం, మేత పెట్టడం నేర్చుకోవాలి. అతని జీతమెంతో, సెలవెప్పుడో కనుక్కోవాలి. గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. ఎక్కి తిరిగే వయసు దాటాక దాన్ని ఎక్కడ ఉంచుతారో కొనకముందే తేల్చుకోవాలి. ఈ ప్రశ్నలకు జవాబు లేనివాళ్లకు స్వారీ చాలు, యాజమాన్యం వద్దు.

సొంత సమయం కోసం వెతుక్కునే నగరవాసికి స్టాంపు, డైరీ ఆ సమయాన్ని ఇస్తాయి. గుర్రం దాన్ని తీసుకుంటుంది. ఇవ్వగలిగిన వాళ్లకు అంతకంటే మంచి తోడు లేదు. ఇవ్వలేని వాళ్లకు మార్గం లేకపోలేదు. రబ్బరు ముక్కపై గుర్రం బొమ్మ చెక్కి డైరీలో వేసుకోవచ్చు. దానికి దాణా అక్కర్లేదు.