గుమ్మం పక్కన గుడ్డసంచి

మా అమ్మ కొట్టుకు వెళ్తే చేతిలో సంచి, నూనెకు సీసా ఉండేవి. నేను మాత్రం ఏళ్లపాటు రైతుబజారు నుంచి కూరకో కవరు చొప్పున తెచ్చాను. ఒకరోజు మా వీధిలో ఆవు కూరతొక్కలతోపాటు కవరునూ మింగడం చూశాక మనసు ఒప్పలేదు.

పాత చీరతో నాలుగు సంచులు కుట్టాను. ఒకటి గుమ్మం పక్కన మేకుకు, ఒకటి స్కూటరు డిక్కీలో ఉంటాయి. ఇడ్లీపిండికి, మాంసానికి స్టీలు డబ్బా తీసుకెళ్తున్నాను. తడిచెత్తను కవర్లో మూటకట్టకుండా నేరుగా బకెట్లో వేస్తున్నాను.

120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచే దేశమంతటా నిషేధం ఉంది. అయినా దొరుకుతున్నాయంటే, మనం అడుగుతున్నాం కాబట్టే. అధికారుల తనిఖీలు కావాలి, మన అలవాటూ మారాలి. రేపు బజారుకు బయల్దేరేముందు ఒక్క సంచి చేత పట్టుకోండి.