కనుమ దారిలో కార్లకు సెలవు



ఈ నెల ఉత్తరాల కట్టలో బాలానగర్ చెల్లాయి ఒకతె రాసిన ఉత్తరం ఉంది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. "రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంటేనే నా సైకిలు మొరాయిస్తుంది. మరి కొండలమీద తొక్కేవాళ్ళు ఎలా తొక్కుతారు?" అన్నది మొదటిది. "లారీలకు భయపడి అమ్మ నన్ను సందు దాటనివ్వదు. ఒక్క రోజు బళ్ళన్నీ ఆపేస్తే ఏం పోతుంది?" అన్నది రెండోది.

మొదటి దానికి జవాబు చెప్పటం నా పనే. రెండోది విని నవ్వి ఊరుకుందామా అంటే, అలా వీలు లేదు. ఎందుకంటే, సరిగ్గా ఆ పనే కొన్ని దేశాలలో పెద్దవాళ్ళు చేస్తున్నారు. అదీ ఏదో సందులో కాదు, మంచుకొండల మీద!

ఇటలీ దేశానికి ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలలో స్టెల్వియో అని ఒక కనుమ ఉంది. కనుమ అంటే సంక్రాంతి మర్నాడు గారెలు తినే పండుగ కాదు సుమా! రెండు కొండల నడుమ కాస్త పల్లంగా ఉండి, ఇటు నుంచి అటు దాటటానికి వీలిచ్చే చోటు. పల్లం అన్నాను గాని, ఆ పల్లమే సముద్రమట్టానికి 2757 మీటర్ల ఎత్తున ఉంది. శీతకాలమంతా మంచు కప్పేసి దారి మూసుకుపోతుంది. ఎండకాలంలో తెరిచాక కార్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరుతాయి. అలాంటి చోట ఏడాదికి ఒక శనివారం, ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదట్లోనో, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మోటారు బళ్ళు ఏవీ రాకుండా దారి మూసేస్తారు. ఆ పూట దారి అంతా సైకిళ్ళదే. వేలకొద్దీ జనం వచ్చి తొక్కుతారు. వాళ్ళలో పందెగాళ్ళు తక్కువ. పొట్ట ఉన్న పెద్దమనుషులూ, మనుమల వెంట వచ్చిన తాతలూ కూడా ఉంటారు. అక్కడ మొదట వచ్చినవాడికి బహుమతి లేదు. ఆఖరున వచ్చినవాణ్ణి వెక్కిరించటమూ లేదు.

ఇంకా తూర్పుగా పోతే డోలమైట్ కొండలున్నాయి. అక్కడ సెల్లా అనే పెద్ద రాతి దిమ్మ చుట్టూ నాలుగు కనుమలున్నాయి. కొన్ని ఆదివారాల్లోనో శనివారాల్లోనో ఆ నాలుగింటినీ ఒకేసారి మోటార్లకు మూసి, చుట్టూ సైకిళ్ళకు వదిలేస్తారు. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి యాభై కిలోమీటర్ల పైమాటే.

ఇప్పుడు చెల్లాయి మొదటి ప్రశ్నకు వద్దాం. బాలానగర్ ఫ్లైఓవరు 2021 జూలైలో తెరిచారు. పొడవు 1.13 కిలోమీటర్లు. అది నేల నుంచి ఆరు మీటర్లు పైకి లేస్తుందనుకోండి, లెక్క కోసం. స్టెల్వియోకు ప్రాటో అనే ఊరి వైపు నుంచి ఎక్కితే దారి 24 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1800 మీటర్లు. అంటే ఒకదాని మీద ఒకటి 300 ఫ్లైఓవర్లు పేర్చి, మధ్యలో ఎక్కడా దిగకుండా ఎక్కినట్టు! బాగా అలవాటున్నవాళ్ళకే రెండు గంటలు పడుతుంది.

ఎక్కేది మనిషి కాళ్ళే. మరి ఆ కాళ్ళకు సాయం చేసేది ఏమిటి? రెండు సంగతులు. ఒకటి దారి, రెండోది పళ్ళచక్రం.

ముందు దారి. తిరుమల వెళ్ళినవాళ్ళకు ఇది తేలికగా తెలుస్తుంది. అలిపిరి నుంచి మెట్లు ఎక్కితే 3550 మెట్లు. కాళ్ళు పీకుతాయి గాని కొండ మీదికి దగ్గరి దారి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు అలా నిటారుగా పోదు. కొండ ఒంటిమీద పాములా అటూ ఇటూ తిరుగుతుంది. ఎక్కవలసిన ఎత్తు ఒకటే అయినప్పుడు, దారిని సాగదీసిన కొద్దీ వాలు తగ్గుతుంది. వాలు తగ్గితే బండి లాగటం తేలిక. స్టెల్వియోలో ప్రాటో వైపు ఇలాంటి మలుపులు 48 ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా రాతి మీద అంకె వేసి ఉంటుంది. కింది నుంచి ఎక్కేవాడికి మొదట 48 కనిపిస్తుంది, తరువాత 47, అలా తగ్గుతూ వస్తుంది. అంకెలు అలా తగ్గుతూ రావటం ఎక్కేవాడికి ఎంత ధైర్యమో, పరీక్షకు చదివే పేజీలు లెక్కపెట్టుకున్న వాళ్ళకు నేను చెప్పక్కరలేదు.

ఆ దారి కట్టిన సంగతి కూడా వినదగ్గది. దాన్ని 1820 నుంచి 1825 లోపల కార్లో డొనెగాని అనే ఇంజనీరు కట్టించాడు. అప్పుడు మిలాను ఊరు ఉన్న లొంబార్డీ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అక్కడికి తన సైన్యం, టపా త్వరగా పోవాలని చక్రవర్తి ఆ దారి వేయించాడు. ఆ ఇంజనీరు పేరులో కారు ఉన్నది గాని, పాపం ఆయన కారును ఎన్నడూ చూడలేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల పెట్రోలు బండికి పేటెంటు పుచ్చుకున్నది 1886లో. సైకిలు మాటకు వస్తే, 1817లోనే ఒక జర్మన్ దొర రెండు చక్రాల కర్రబండి చేశాడు గాని, దానికి పెడల్ లేదు. నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవాలి. కాబట్టి ఆ కొండదారి గుర్రాల కోసం పుట్టింది. కార్లు అరవై ఏళ్ళ తరువాత వచ్చిన చుట్టాలు. "రోడ్డు ఉన్నదే కార్ల కోసం" అని ఎవరైనా అంటే, ఈ లెక్క ఒకసారి వినిపించండి.

ఇక పళ్ళచక్రం. లేతు మిషన్ల చప్పుడు మధ్య పెరిగే బాలానగర్ పిల్లలకు పళ్ళచక్రం అంటే కొత్త కాదు. మామూలు సైకిలులో పెడల్ దగ్గర పెద్ద చక్రం, వెనక చక్రం దగ్గర చిన్న చక్రం ఉంటాయి. ముందుదానికి 44 పళ్ళు, వెనకదానికి 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే చెయిను 44 పళ్ళ మేర కదులుతుంది. వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల చిల్లర గనక, ఒక్క తొక్కుకు సైకిలు అయిదు మీటర్ల పైన ముందుకు పోతుంది. చదును నేల మీద ఇది ఎంతో సుఖం.

కొండమీదికి వచ్చేసరికి అదే శత్రువు అవుతుంది. స్టెల్వియో దారి ప్రతి నూరు మీటర్లకూ సుమారు ఏడున్నర మీటర్లు లేస్తుంది. అయిదు మీటర్ల పైచిలుకు ముందుకు పోవటం అంటే, ఆ ఒక్క తొక్కులోనే మిమ్మల్నీ సైకిలునూ కలిపి 40 సెంటీమీటర్లు పైకెత్తటం. అంటే దాదాపు మోకాలెత్తు మెట్టు అన్నమాట! అలాంటి మెట్లు వేలకు వేలు ఎక్కమంటే ఎవరి తరం? అందుకని కొండలెక్కే సైకిలుకు వెనక వైపు పెద్ద పళ్ళచక్రాలు కూడా పెడతారు. ముందు 34 పళ్ళు, వెనకా 34 పళ్ళు ఉన్నదానిలోకి చెయినును మారిస్తే, ఒక తొక్కుకు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది. సైకిలు రెండు మీటర్లే పోతుంది, 16 సెంటీమీటర్లే లేస్తుంది. అది మన ఇంటి మెట్టంత. మెట్ల సంఖ్య పెరిగింది, మెట్టు ఎత్తు తగ్గింది. మొత్తం చెయ్యవలసిన పని మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదని మరిచిపోకండి. గేరు పని తగ్గించదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తుంది. చెల్లాయి సైకిలు మొరాయించటానికి కారణం ఆమె కాళ్ళు కాదు, మార్చటానికి వీల్లేని ఆ ఒక్క పళ్ళచక్రమే కావచ్చు.

పైకి పోయిన కొద్దీ ఇంకో చిక్కు వస్తుంది. అంత ఎత్తున గాలి పలచబడుతుంది. సముద్రపు ఒడ్డున ఒక గుక్కలో దొరికే ప్రాణవాయువు కనుమ మీద నాలుగింట మూడు వంతులైనా దొరకదు. అందుకే చివరి మలుపుల్లో గుండె దడదడలాడుతుంది.

దిగేటప్పుడు సుఖమే అనుకుంటారు కాబోలు! అసలు ప్రమాదం అక్కడే ఉంది. మీరూ సైకిలూ కలిసి 50 కిలోలు ఉన్నారనుకోండి. 1800 మీటర్లు ఎక్కటంలో మీరు దాచిన శక్తి దిగేటప్పుడు బయటికి రావాలి. చాలా భాగం గాలిని తోసుకుపోవటంలో ఖర్చవుతుంది. అలా కాక అదంతా బ్రేకుల్లోకే పోతే, ఆ వేడితో మూడు లీటర్ల నీళ్ళు మరుగు పట్టించవచ్చు! అందుకే తెలిసినవాళ్ళు బ్రేకును బిగబట్టి కూచోరు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, తరువాత వదిలి, చల్లారనిస్తారు. ఇలాంటి చోట ఎదురుగా కారు వస్తే ఏమవుతుందో ఊహించండి. దారి మూసిన రోజున తాతలూ పిల్లలూ ధైర్యంగా రావటానికి కారణం ఇదే.

అన్నీ ఇటలీ కబుర్లేనా అంటారేమో. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రాజధాని బొగొటా కొండల నడుమ 2600 మీటర్ల ఎత్తున ఉన్న మహానగరం. అక్కడ 1974లో మొదలుపెట్టి, ఇప్పటికీ ప్రతి ఆదివారం, ప్రతి పండుగ సెలవునాడు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా పెద్ద రోడ్లను నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదులుతారు. అలా వదిలే దారి మొత్తం 120 కిలోమీటర్ల పైన!

మన ఊళ్ళోనూ ఈ ముచ్చట జరిగింది. మాదాపూర్ దగ్గర దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచాక, మొదట్లో శని ఆదివారాలు దాని మీద బళ్ళను ఆపి జనాన్ని నడవనిచ్చారు. 2021 ఆగస్టు 29 నుంచి ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రం 5 నుంచి 10 దాకా బళ్ళు ఆపారు. మామూలు రోజుల్లో దాటటానికే భయపడే రోడ్డు మధ్యన పిల్లలు ఆడుకున్నారు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. దాని కప్పంతా సూర్యరశ్మి నుంచి కరెంటు తీసే పలకలే. నీడకు నీడ, కరెంటుకు కరెంటు! ఎవరు ఆలోచించారో గాని, మన ఎండలకు తగిన ఆలోచన. అయితే అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఉంది. బాలానగర్ పిల్ల అక్కడికి చేరాలంటే సైకిలును ఏ బండిలోనో ఎక్కించుకుపోవాలి. ఇది నాకు నచ్చని సంగతి. సైకిలు దారి ఇంటి గడప దగ్గర మొదలు కావాలి.

రోడ్డు మూస్తే కోపగించేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ మాటా వినాలి. సరుకు దించవలసిన లారీ డ్రైవరుకు, ఆదివారం కూడా డ్యూటీకి పోయే నర్సమ్మకు అది చుట్టుదారే. ఆంబులెన్సుకు ఎక్కడైనా దారి ఇవ్వవలసిందే. అందుకే ముందుగా తేదీ చాటి, గంటలు చెప్పి, వేరే దారి చూపించి మూయాలి. బాలానగర్ లాంటి కార్ఖానాల పేటలో పనిరోజున ఇది సాగదు. ఆదివారం పొద్దున రెండు మూడు గంటలు అయితే అడిగి చూడవచ్చు.

అడిగితే వింటారా అని సందేహం వద్దు. శ్రీశైలం దారిలో నల్లమల అడవి ఉన్నది. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బళ్ళను పోనివ్వరు. పులులూ, జింకలూ, ఎలుగుబంట్లూ నిర్భయంగా రోడ్డు దాటాలని! ఆ పులులు ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టుకోలేదు. మీకు రాయటం వచ్చును. మీ వీధి పిల్లలంతా సంతకాలు చేసి, పెద్దవాళ్ళతో చదివించి, మునిసిపాలిటీ వారికీ ట్రాఫిక్ పోలీసు వారికీ ఒక ఉత్తరం పంపండి. అందాకా చెల్లాయి మాత్రం ఫ్లైఓవరు జోలికి పోకుండా అమ్మ మాట వినాలి.

ఈ నెల పని: మీ సైకిలును స్టాండు వేసి, చెయిను మీద వేలు పెట్టకుండా, ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. మొదలుపెట్టిన పంటికి సుద్దముక్కతో గుర్తు పెడితే లెక్క తప్పదు. ముందు సంఖ్యను వెనక సంఖ్యతో భాగించండి. తరువాత చక్రం చుట్టూ దారం చుట్టి, కొలిచి, ఆ రెండూ గుణించండి. మీ సైకిలు ఒక్క తొక్కుకు ఎన్ని మీటర్లు పోతుందో తేలుతుంది. నాన్నగారి పాత సైకిలు ఉంటే దాన్ని కూడా కొలిచి, రెండు జవాబులూ కార్డు మీద రాసి పంపండి.