సివిల్స్‌కు లక్ష ఇచ్చే సింగరేణి పరిశోధనకూ ఇవ్వాలి

సింగరేణి బొగ్గు కంపెనీ అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014లో బొగ్గు తీయడం మొదలైనప్పుడు నేను రామగుండం ఏరియాలోనే సర్వేయర్‌ని. 250 మీటర్ల ఫేసు, క్యాటర్‌పిల్లర్ యంత్రాలు. రూఫ్ ఎలా దిగుతుంది, నీళ్లు ఎటు నుంచి వస్తాయి అని ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు అంతకుముందే అధ్యయనం చేసి పెట్టారు. తెలియని పని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే, తప్పులేదు. అయితే ఆ తెలివి ఎక్కడ తయారవుతుందో వెళ్లి చూసొచ్చేందుకు మన పిల్లలకు దారి ఖర్చులిచ్చేవాళ్లే లేరు.

మా యైటింక్లయిన్ కాలనీలో ఓ కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ మైనింగ్ ఇంజినీరింగ్ చదువుతోంది. 2019 దాకా ఆడవాళ్లను అండర్‌గ్రౌండ్ ఉద్యోగాలకు తీసుకోలేదు కాబట్టి, ఆ పిల్ల ఆ బ్రాంచి తీసుకోవడమే మా లైన్‌లో పెద్ద ముచ్చట. మూతపడిన గనుల్లో ఊరే నీళ్ల గురించి జర్మనీలో ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ రాసింది. ఎండాకాలం మూడు నెలలు వచ్చి ల్యాబ్‌లో పనిచేసుకోమని ఆయన జవాబిచ్చాడు. జీతం ఉండదు. టికెట్, వీసా, బీమా, గది కిరాయి, తిండి కలిపితే రెండున్నర లక్షలు తేలింది. బ్యాంకుకు పోతే అడ్మిషన్ లెటరేది, ఫీజు రసీదేది అన్నారు. ‘తాతా, ఫీజు లేకపోవుడే తప్పయిందా?’ అని నన్నడిగింది. చిట్టీ పాడుదామని తండ్రి, చెల్లె పెళ్లి ఎట్లని తల్లి. పోలేదు.

పథకాలు లేవని కాదు. అంబేద్కర్, పూలే ఓవర్సీస్ విద్యానిధుల కింద రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది. అది విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ సీటు వచ్చినవాళ్లకు. జర్మనీ వాళ్ల డాడ్ సంస్థ ‘వైజ్’ పేరుతో బీటెక్ పిల్లలకు ఇలాంటి ఇంటర్న్‌షిప్‌లే ఇస్తుంది. అది వాళ్లు ఎంపిక చేసిన కొన్ని విద్యాసంస్థల వాళ్లకే. సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ నుంచి అడ్రియాల కూతవేటు దూరం. అక్కడ చదివే పిల్లలు బొగ్గును ఐఐటీ పిల్లలకంటే దగ్గరగా చూస్తారు. పరిశోధనలోకి పోవాలా, సాఫ్ట్‌వేర్‌లోకి పోవాలా అని తేల్చుకునే ఆ వయసులో వాళ్లకు కావాల్సింది ఈ రెండు మూడు లక్షలే.

ఆ డబ్బు సింగరేణి ఇవ్వాలి. చదువుకునేవాళ్లకు సాయం చేయడం దానికి కొత్త అలవాటేం కాదు. 2024 జులైలో రాజీవ్‌గాంధీ సివిల్స్ అభయహస్తం పెట్టి, ప్రిలిమ్స్ గట్టెక్కిన తెలంగాణ అభ్యర్థులకు లక్ష చొప్పున ఇస్తోంది. మంచి పనే. (కలెక్టర్ మీద మన మోజు వేరు లెండి.) కానీ విదేశీ ఇంటర్న్‌షిప్ అనగానే ఆఫీసుల్లో సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) రూల్స్ తీస్తారు. 2021లో సవరించిన ఆ నిబంధనల ప్రకారం దేశం బయట చేసే పని సీఎస్ఆర్ కిందికి రాదు. ఒక్క మినహాయింపుంది, క్రీడాకారుల శిక్షణకు. బాక్సర్ విదేశంలో శిక్షణ తీసుకుంటే సామాజిక బాధ్యత, ఇంజినీరు తీసుకుంటే కాదా? కేంద్రం ఆ వాక్యంలో పరిశోధననూ చేర్చాలి. మన ఎంపీలు అడగాల్సిన ముచ్చట ఇది.

అందాకా సింగరేణి ఆగక్కర్లేదు. దీన్ని దానం కింద కాక కంపెనీ అవసరం కింద రాసుకోవచ్చు. జర్మనీలో చివరి రాతిబొగ్గు గనిని 2018 డిసెంబరులో బోట్రాప్‌లో మూసేశారు. గనులు పోయినా రూర్ ప్రాంతంలో నీళ్లు తోడే మోటార్లు ఆగవు, ఎప్పటికీ ఆగకూడదు. ఆ ఖర్చు కోసం బొగ్గు కంపెనీ సొమ్ముతోనే ఆర్ఏజీ ఫౌండేషన్ పెట్టుకున్నారు. గని మూసిన తర్వాతి సమస్యల మీద బోఖమ్‌లో జరిగే పరిశోధనకూ అదే డబ్బిస్తుంది. మన గోదావరిఖనిలోనూ ఇంక్లైన్ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. రేపు ఆ నీళ్ల లెక్క చూసేదెవరు? ఇటు సింగరేణి కర్ణాటకలోని దేవదుర్గలో బంగారం, రాగి అన్వేషణకు దిగింది. ఆ విద్య మా సర్వేయర్లకు తెలిసింది కాదు.

2024లో కంపెనీ 4,701 కోట్ల లాభం చూపి, 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టింది. మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్లు కార్మికుల వాటా. దాని జోలికి ఎవరూ పోవద్దు, అది చెమట. విస్తరణ పద్దులోంచి ఏడాదికి ఒక్క కోటి తీస్తే నలభై మంది పోయొస్తారు.

పర్మినెంట్ కార్మికుల పిల్లలకే అని గిరి గీయొద్దు. కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, భూములిచ్చిన ఊళ్ల పిల్లలు ముందుండాలి. ఎంపిక బయటి ప్రొఫెసర్లు చేయాలి. యూనియన్ ఆఫీసులకు గానీ, ఎమ్మెల్యే ఇంటికి గానీ ఫారాలు చేరితే పథకం పైరవీల పాలే. డబ్బు వీసా అపాయింట్‌మెంట్‌కు ముందే చేతికి రావాలి. బిల్లులు తెస్తే తర్వాత ఇస్తామంటే మళ్లీ ఆ చిట్టీయే దిక్కు. వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు ఎక్కువగా దసరా, దీపావళి నాటికే పెట్టుకోవాలి కాబట్టి, లాభాల వాటా ప్రకటించే రోజే దీన్నీ ప్రకటిస్తే సరిపోతుంది.