గడప ఎవరిది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మాల, మాదిగ వాడల నుంచి మనవాళ్లు అప్పో సప్పో చేసి కొండకు పోతున్నారు. పోనీండి, మేం అడ్డం చెప్పం. కడపను తిరుమలకు గడప అంటారు గదా! ఆ గడప లోపల పూజ చేసే హక్కు ఎవరిదని మాత్రం అడుగుతున్నాం.

1987 చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007లో తిరుపతి దేవస్థానం 'దళిత గోవిందం' పేరుతో దేవుణ్ణి దళితవాడలకు తెచ్చింది. అదే ఏడు శాసనసభ చట్టాన్ని సవరించి, పాత అర్చక కుటుంబాలకే ఆ హక్కు మళ్లీ కట్టబెట్టింది. దేవుడేమో మన వాడకు, హక్కేమో వాళ్ల ఇంటికి!

గుండు కొట్టించుకొని, మొక్కు తీర్చుకొని వచ్చే అన్నల్లారా, అక్కల్లారా! హుండీలో మన రూపాయికి లేని అంటు గర్భగుడిలో మన చేతికెందుకు? తిరిగొచ్చినాక వాడలో ఈ చర్చ పెట్టండి. జై భీమ్!