మన ఖాతాకి వాళ్ళ తాళంచెవి

మొన్న పదో తారీకు రాత్రి మా చిన్నమ్మ కొడుకు జనగామ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, నా ఖాతాల పైసలు ఎవడో గుంజిండు. సైబర్ క్రైమోళ్లకు చెప్పాల్నా?" అన్నాడు. ఓటీపీ ఎవడికో చెప్పుంటాడని తిట్టబోయి, ఆగి, ముందు స్టేట్‌మెంటు పంపమన్నాను. చూస్తే దొంగ ఎవడూ లేడు. అంతా వాడి "అనుమతి"తోనే జరిగింది.

వాడిది చిన్న సెల్ షాపు. సరుకు కోసం ఒక యాప్‌లో అప్పు తీసుకున్నాడు. లైసెన్సు ఉన్న ఫైనాన్స్ కంపెనీయే. నెలకి 3,540 కిస్తు, ఐదో తారీకున. మూడో తారీకునే వసూలు ఏజెంటు ఫోన్ చేసి "ఇప్పుడే కట్టు, లేకపోతే సిబిల్ పోతది" అని లింకు పంపితే, వీడు భయపడి యూపీఐలో కట్టేశాడు. ఐదో తారీకు పొద్దున అదే కిస్తుని కంపెనీ మ్యాండేట్ మీద మళ్ళీ లాగేసింది. ఖాతాలో ఉన్న 6,200 కాస్తా 2,660 అయింది. ఏడున బండి కిస్తు 3,100 వచ్చి బౌన్సయింది. బ్యాంకు 500 ఛార్జీ, జీఎస్టీతో 590 కోసింది. పదిన బండి కంపెనీ మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ బౌన్సు, మళ్ళీ 590. మిగిలింది 1,480. బండి కంపెనీ వేసే జరిమానా వేరే. కిస్తు రెండుసార్లు కట్టినవాడు వారం తిరక్కుండా ఎగవేతదారుడయ్యాడు!

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు వద్దు లెండి) ఇలాంటి వసూళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒక ముక్క రాశాను. ఒకసారి ఫెయిలైతే మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలి అన్నది లెక్కకట్టే ముక్క. గతంలో ఏ తారీకున పాసయిందో చూసి, జీతం పడే రోజు పొద్దున్నే, మిగతా వాళ్ళకంటే ముందు లాగాలి. అదీ రిక్వైర్‌మెంటు. డాష్‌బోర్డులో వసూళ్ళ శాతం పెరిగింది, అందరం పిజ్జాలు తిన్నాం. ఫెయిలైన ప్రతిసారీ అవతలివాడికి ఎంత తెగుతుందో చూపించే గడి ఆ డాష్‌బోర్డులో లేదు. పెట్టమని నేనూ అడగలేదు.

మాది పాత వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాని ముక్కలు చేశాక మా చుట్టాలు తలా ఒక జిల్లా వాళ్ళయ్యారు. తమ్ముడిది జనగామ, అత్తగారి ఊరు మానుకోట (అదే, మహబూబాబాద్) దగ్గర, మేనమామ భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడిగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఈ కథ చెబితే నవ్వాడు. "మా దిక్కు అప్పిచ్చినోడు ఏటీఎం కార్డు గుంజుకునేటోడురా. జీతం రోజు వాడే పోయి తీసుకుని, మిగిలింది మన చేతుల పెట్టేటోడు. గిప్పుడు కార్డు గూడ అక్కర లేకపాయె" అన్నాడు. నేను ఎంత టెక్నికల్‌గా చెప్పినా ఇంతకంటే సరిగ్గా చెప్పలేను.

కార్డు బదులు వచ్చినదాని పేరు నాచ్. ఎన్‌పీసీఐ నడుపుతుంది. ఆ మ్యాండేట్ ఫారంలో మూడు గడులుంటాయి, ఎవరూ చదవరు. మొత్తం దగ్గర "ఫిక్స్‌డ్" అనో "మాగ్జిమమ్" అనో ఉంటుంది. కిస్తు 3,540 అయినా మాగ్జిమమ్ అని పదివేలు రాసుకోవచ్చు. ఎన్నిసార్లు అన్నచోట "నెలకోసారి" కాకుండా "ఎప్పుడు సమర్పిస్తే అప్పుడు" అనీ పెట్టుకోవచ్చు. మూడోది ముగింపు తేదీ. అప్పు ఏడాదిదే అయినా ఈ తేదీ ఏళ్ళకేళ్ళు ముందుకు ఉండొచ్చు. ఫోన్‌లో అయితే ఆధార్ ఓటీపీ కొడితే అయిపోయింది.

మా మామగారి విషయంలో జరిగింది ఈ మాగ్జిమమ్ గడే. మా బామ్మర్ది ఆయన ఖాతా మీద కిస్తుల్లో ఫోన్ కొని, మూడు నెలలు కట్టలేదు. తప్పే, కాదనను. రైతు భరోసా రెండెకరాలకి 12,000 పడింది. విత్తనాలకని ఆయన బ్యాంకుకి వెళ్ళేసరికి మూడు కిస్తులూ, జరిమానాలూ కలిపి 7,400 ఒక్క దెబ్బలో పోయాయి. "నేను సంతకం యాడ పెట్టిన?" అని ఆ పెద్దాయన ఇప్పటికీ అడుగుతాడు.

"అప్పు తీసుకున్నప్పుడు కట్టాలి కదా, ఏడుపెందుకు?" అంటారు. కట్టాలి, నిస్సందేహంగా కట్టాలి. కానీ ఏ రోజు, ఎంత, ఎన్నిసార్లు అన్నది అప్పిచ్చినవాడు ఒక్కడే నిర్ణయిస్తానంటేనే పేచీ. 2010లో మైక్రోఫైనాన్స్ గొడవలు గుర్తున్నాయా? ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, తర్వాతి చట్టం, వసూళ్ళు గ్రామపంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ స్థలంలోనే జరగాలన్నాయి. నలుగురి కళ్ళ ముందు అడిగితే దౌర్జన్యం తగ్గుతుందని. (ఆర్బీఐ రిజిస్ట్రేషన్ ఉన్న ఫైనాన్స్ కంపెనీలకి ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది, అది వేరే చర్చ.) మరి సర్వర్ తెల్లవారుజామున లాగే డబ్బుకి ఏ పంచాయతీ ఆఫీసు?

రూల్సు లేవని కాదు. 2020 డిసెంబరులో చైనా లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో ప్రాణాలు పోయాక, హైదరాబాదులో అరెస్టులు జరిగాక, ఆర్బీఐ కదిలింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పుల మార్గదర్శకాలు, 2025 మేలో వాటి కొత్త రూపం వచ్చాయి. అసలు ఖర్చంతా ఒక కాగితంలో చూపాలి, కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువివ్వాలి. మంచివే. మన ప్రమేయం లేకుండా జరిగిన మోసానికి 2017 జూలై సర్క్యులర్ ఉంది, మూడు పనిదినాల్లో చెబితే మన మీద భారం పడదు. కార్డులకీ, యూపీఐకీ ఆటోపే అయితే 24 గంటల ముందు మెసేజీ రావాలి. కానీ మనవాడిది మోసం కాదు, కార్డూ కాదు, యూపీఐ ఆటోపే కాదు. నాచ్. రెండుసార్లు లాగినా "మీరిచ్చిన అనుమతే కదా సార్" అంటుంది బ్యాంకు.

బ్రిటన్‌లో పేడే లోన్ల వాళ్ళు ఇలాగే ఖాతాలు ఊడుస్తుంటే, 2014 జూలై నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఒకే మాట అంది: రెండుసార్లు ఫెయిలైతే ఇక ఆ దారిన లాగకూడదు. దీన్ని కోడ్‌లో పెట్టడానికి ఒక ఇఫ్ కండిషన్ చాలు. నేను రాసిపెడతాను, ఉచితంగా :). మన దగ్గర పెట్టనిది రాయడం రాక కాదు. బౌన్సయిన ప్రతిసారీ బ్యాంకుకీ ఆదాయమే, అప్పిచ్చినవాడికీ ఆదాయమే. ఆ ఇఫ్ రాస్తే ఇద్దరికీ నష్టం.

ఈలోగా మీ ఇంట్లో ఎవరికన్నా ఇలా అయితే: స్టేట్‌మెంటులో మ్యాండేట్ నంబరు వెతికి, దాన్ని రద్దు చేయమని బ్యాంకుకి రాసివ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. "కంపెనీనే అడగాలి" అంటే కదలకండి, ఖాతా మీది. యూపీఐ ఆటోపే అయితే యాప్‌లోనే తీసేయొచ్చు. రద్దు చేస్తే అప్పు రద్దవదు సుమా. కిస్తు వేరే దారిలో కట్టి రసీదు పెట్టుకోండి, ఎందుకంటే డబ్బుల్లేక మ్యాండేట్ బౌన్సయితే 2007 నాటి పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు, చెక్కు బౌన్సులాగే. కంపెనీకీ, బ్యాంకుకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్. ఫోన్ 14448. కస్టమర్ కేర్ నంబరు మాత్రం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ ఇంకో రకం వాళ్ళు కాచుకుని ఉంటారు.

మావాడికి రెండోసారి లాగిన 3,540 పందొమ్మిది రోజులకి తిరిగొచ్చింది. వడ్డీ లేదు, సారీ లేదు. బౌన్సు ఛార్జీల 1,180 రాలేదు. అది బ్యాంకు సంగతంటుంది కంపెనీ, కంపెనీ సంగతంటుంది బ్యాంకు. ఫిర్యాదుల నకళ్ళు నా దగ్గరే ఉన్నాయి. వచ్చే మంగళవారంతో ముప్పై రోజులు నిండుతాయి, బుధవారం పొద్దున అంబుడ్స్‌మన్‌కి పంపిస్తాను.