పాఠశాలా సంగీతము – పర్యవేక్షకుల శిక్షణ

పాఠశాలలలో సంగీతము క్షీణించుచున్నదని వగచువారు సాధారణముగా ఇద్దరిని నిందింతురు: సంగీతోపాధ్యాయుని, సినిమా పాటను. ఈ యిద్దరికంటె ముందు విచారింపవలసినవారు వేఱొకరు కలరు. ఆ యుపాధ్యాయునికి వేళ నిర్ణయించి, గది చూపి, వాద్యము కొనియిచ్చి, అతని పని బాగున్నదో లేదో యేటేట వ్రాయువారు ప్రధానోపాధ్యాయులును, వారిపై విద్యాధికారులును. సంగీతబోధనుగూర్చి వీరేమి నేర్చిరి? ఎచట నేర్చిరి? ఈ ప్రశ్న నెవ్వరును అడుగరు. వీరికి శిక్షణ లేకుండుటయే ప్రధానరోగమనియు, తక్కినవి దాని చిహ్నములనియు మా నిశ్చితాభిప్రాయము.

గణితపు తరగతికి వచ్చిన యధికారి నల్లబల్లపై లెక్క చూచి తప్పు పట్టగలడు. తెలుగు తరగతిలో పిల్లవానిచేత నాలుగు పంక్తులు చదివించి వాని స్థితి గ్రహింపగలడు. అదే యధికారి సంగీతపు తరగతికి వచ్చినచో చూచునది పాఠప్రణాళికల పుస్తకము, హాజరుపట్టి. పిల్లలు ఒక ప్రార్థనగీతము పాడుదురు; ఆయన తల యూచి లేచును. నలువదిమందిలో పదిమందియే పాడిరనియు, తక్కినవారు పెదవులు కదపిరనియు, రెండవ చరణమునకే శ్రుతి జారెననియు ఆయన చెవికి తోచదు. పదునాలుగేండ్ల బాలుని కంఠము మాఱుచున్న సమయమున వానిని బాలికల శ్రుతిలో అఱపించుట హానియని ఆయనకు చెప్పినవారు లేరు. నిరంతర సమగ్ర మూల్యాంకనము వచ్చిన పిమ్మట కళావిద్యకును ఒక గ్రేడు వేయు నాచారము మనయందేర్పడినది. ఆ గ్రేడు దేనిని కొలుచుచున్నదో సంతకము పెట్టువారే యెఱుగరు.

దీని ఫలము చూడుడు. ఒక యుపాధ్యాయుడు ఏడాది పొడవునను మాయామాళవగౌళలో సరళీవరుసలను మూడు కాలములలో తరగతి యంతటిచేతను పలికించును. వాని శ్రమ వేదికపై కనబడదు. వేఱొకడు పదిమంది మంచి గొంతుల నేర్చికొని, వారిచేత ఒక్క పాటను మూడు నెలలు వల్లెవేయించి, వార్షికోత్సవమున చప్పట్లు కొట్టించును. శాలువ యెవరికి కప్పుదురో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎంతటి నిష్ఠగల యుపాధ్యాయుడైనను రెండేండ్లలో ఈ మర్మమును గ్రహించును. మూడవ యేట సరళీవరుసలు మానును. మే మెఱిగిన యొక యున్నత పాఠశాలలో సంగీతపు పంతులమ్మగారిని మధ్యాహ్నభోజనపు బియ్యము లెక్కకు నియమించిరి. ఇదేమని యడిగినవారికి, “పాటే కదా, రేపు పాడింపవచ్చును” అని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ మాట యన్నవాడు దుర్మార్గుడు కాడు. సంగీతము దినదినాభ్యాసముచే వచ్చు విద్యయని ఆయనకు నేర్పినవారు లేరు; అంతియే.

పాలించువాడు పాట నేర్వనేల, పాలనాదక్షత యుండిన చాలదా యని కొందఱు వాదింతురు. ఈ వాదము క్రొత్తది, మన పూర్వులది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున నటునికే గాక, ప్రేక్షకునికిని, తీర్పు చెప్పు ప్రాశ్నికునికిని లక్షణములు విధించెను. పదుమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున గాయకుని గుణదోషములతో ఆగక సభాపతి లక్షణమును గూడ చెప్పెను. నేటి పాఠశాలలో సభాపతి ప్రధానోపాధ్యాయుడే. ఆయన కీర్తన పాడవలెనని మేము కోరుట లేదు. శ్రుతి కలిసినదో లేదో వినగలవాడై యుండవలెనని మాత్రమే కోరుచున్నాము.

పరదేశములవారు ఈ లోపమును చాల ముందుగనే కనుగొనిరి. అమెరికాలో బోస్టను నగరము 1838లో సంగీతమును ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశపెట్టినప్పుడే లోవెల్ మేసను అను నతనికి దాని పర్యవేక్షణ నప్పగించెను. 1907లో అయోవా రాష్ట్రమున కియొకక్ అను చిన్న పట్టణమున సంగీత పర్యవేక్షకులే సమావేశమైరి. ఉపన్యాసములు వినుటకు గాదు, ఫిలిప్ హేడెన్ అను తోడి పర్యవేక్షకుడు పిల్లలకు లయ నేర్పు విధమును కన్నులార చూచుటకు. ఆ కూటమే పెరిగి దేశవ్యాప్తమైన సంఘమాయెను. 1934 వఱకు దాని పేరులో పర్యవేక్షకులన్న పదమే యుండెను. ఇంగ్లండున 1882 నాటి విద్యానిబంధన పిల్లలు స్వరలిపి చూచి పాడినచో తలకొక షిల్లింగును, విని మాత్రమే పాడినచో అందు సగమును విరాళముగ నిర్ణయించెను. ఫలితమును బట్టి ధనమిచ్చు పద్ధతిని మేము మెచ్చము. అది పిల్లలను నాణెములుగ చూచిన పద్ధతి. కాని ఆ షిల్లింగు నిచ్చుటకైనను, చూచి పాడుటకును విని పాడుటకును గల భేదమును ఇన్‌స్పెక్టరు తెలిసికొనవలసి వచ్చెను.

మనకు నిబంధనలు లేవా? కలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో నూఱుగురికి మించి పిల్లలున్న పాఠశాలకు కళావిద్యకై పాక్షికకాల బోధకుడుండవలెనన్నది. ఆ బోధకుని పని మంచిదో చెడ్డదో తేల్చువాని యర్హతను గూర్చి అందొక మాట లేదు. 2020 జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయులవలెనే ప్రధానోపాధ్యాయులును ఏట ఏబది గంటల శిక్షణ పొందవలెనన్నది. 2019లో ఆరంభమైన నిష్ఠ యను కార్యక్రమము నలువది రెండు లక్షలమందిని ఉద్దేశించినది. అందు కళాసమ్మిళిత బోధనకును చోటిచ్చిరి. మంచిదే. కాని ఎక్కములకు రాగము కట్టుట గణితబోధకు సాయమగును గాని సంగీతబోధ కానేరదు. దాసిగ వచ్చిన కళను చూచి కళ వచ్చినదని సంతోషించుట మనకు పరిపాటియైనది.

ఇక విద్వాంసులలో కొందఱు, ఇది గురుముఖమున రావలసిన విద్య, పాఠశాలకేమి పని యందురు. విజయనగరమున 1919లో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగ కూర్చుండబెట్టిరి. 1936లో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠమెక్కిరి. సంగీతపు ఏలుబడి సంగీతమెఱిగినవాని చేతిలో నుండుట అసాధ్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? అయినను కళాశాలకు వచ్చువాడు కోరి వచ్చును. పాఠశాలలో కోరని నలువదిమంది కూర్చుందురు. కావున విద్వాంసునే పర్యవేక్షకునిగ నియమించినను వానికిని శిక్షణ వలయును. ఈ మాట కొందఱు పండితమిత్రులకు రుచింపదని యెఱుగుదుము.

గృహస్థులైన మన పాఠకులు తమకిందేమి సంబంధమని తలంపరాదు. వేశ్యామేళములను నిరసించిన నాటి సంస్కర్తలు న్యాయమే చేసిరి. కాని ఆ నిరసనపు నీడ పాటపైనను పడెను. ఆ నీడను తొలగించిన వానిలో బాలికా పాఠశాలలోని సంగీతపు తరగతి యొకటి. నేడు స్థితిమంతుల బిడ్డకు ఇంటికి గురువు వచ్చును, లేదా దూరదేశమునుండి తెరపై పాఠము చెప్పును. మన యింట అంట్లు తోమునామె కూతురికి పాఠశాలలోని ఆ ఒక్క పీరియడు తప్ప వేఱు సంగీతము లేదు. దానిని పరీక్షలముందు గణితమున కప్పగించు ప్రధానోపాధ్యాయుడు ఎవరి సొత్తును ఎవరికి ధారపోయుచున్నాడో యోచింపుడు.

మేము కోరు శిక్షణ బ్రహ్మవిద్య కాదు. ఆ యేబది గంటలలో పదింటిని దీనికి విడువుడు. విజయవాడ, విజయనగరము, హైదరాబాదులలోని ప్రభుత్వ సంగీత కళాశాలలకు వేసవి సెలవులలో ప్రధానోపాధ్యాయులను పంపుడు. అచట వారు కుర్చీలలో గాక చాపలపై పిల్లలతో కూర్చుండి, తంబుర మీటి, షడ్జమమును పట్టి నిలుపుటకు యత్నింతురు గాక. ఒక్క గంట యట్లు పాడినవాడు వారమున కొక్క పీరియడు చాలునని మరల ననడు. తరువాత మంచి తరగతి నొకటి, చెడ్డ తరగతి నొకటి వినిపించి, భేదము వ్రాయుమనవలెను. తంబురను ఎండలో నుంచరాదనియు, తెగిన తీగె నెట్లు మార్పింతురో, హార్మోనియమును ఆకాశవాణి 1940 మొదలు 1971 వఱకు ఏల వెలివేసెనో, దానిని ఏ మేరకు వాడవచ్చునో యిదియెల్ల సంగీతపు సామగ్రి కొను చీటిపై సంతకము చేయువాడు తెలియవలసిన సంగతులు కావా?

దీనికి ధనమెక్కడిదని యడుగుదురు. వార్షికోత్సవమునాడు రంగస్థలపు దీపములకును, శబ్దయంత్రముల యద్దెకును ఆ ధనము ఎచటినుండి వచ్చుచున్నదో దాని లెక్కను పాఠశాలా సంఘములలోని తల్లిదండ్రులు ఈ యేడు చూడగోరవలెను. ఆ లెక్క చూచిన పిదప, సామాను గదిలో సొరబుఱ్ఱ పగిలి గోడకు వాల్చియున్న తంబురనుగూడ ఒకమాఱు చూచి రావలెను.